బియ్యం డ్రమ్ములో సీసా: ఒక వరుస హత్యల కేసు, ముగ్గురు ఆడవాళ్లు

2019 ఫిబ్రవరి చివర్లో ఒక శనివారం సాయంత్రం గుంటూరులో నా ఆఫీసుకి ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. ఒకరికొకరు చుట్టాలు కారు, ఒక ఊరివాళ్లూ కారు. కొద్ది రోజుల ముందు వరకు ఒకరి ముఖం ఒకరికి తెలియదు. ముగ్గురి చేతుల్లోనూ ఒక్కో క్యారీ బ్యాగు, వాటి నిండా కాగితాలు. వాళ్లలో చిన్నావిడ ముందు మాట్లాడింది. "మేడం, మా మూడిళ్లలోనూ చావు జరిగింది. చేసినవాడు ఒకడే అని మా అనుమానం. మీరు నమ్మినా నమ్మకపోయినా మొత్తం విన్నాకే చెప్పండి."

విన్నాను. రెండున్నర గంటలు పట్టింది. ఆ కేసు ఇప్పుడు హైకోర్టులో అప్పీలు దశలో ఉంది కాబట్టి పేర్లు, వీధులు రాయను. మనుషుల్ని గుర్తుపట్టించే కొన్ని వివరాలు మార్చాను. చనిపోయిన మనిషికి వాళ్లు ఏమవుతారో ఆ వరసతోనే రాస్తాను: కూతురు, కోడలు, చెల్లెలు.

నేను క్రిమినల్ వైపు ఇరవై ఏళ్లకు పైగా ప్రాక్టీసు చేస్తున్నాను. మూడు చావులకు మధ్య ఉన్న లంకెను పట్టుకున్నది ఈ ముగ్గురే. పోలీసులు, డాక్టర్లు, పీపీ (ప్రభుత్వం తరఫున వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్), నేను, అందరం తర్వాత చేసింది ఆ లంకెను కోర్టు ఒప్పుకునే రూపంలోకి తేవడం. ఆ మాట ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని ఇది రాస్తున్నాను.

మూడు ఇళ్లు

కూతురు గుంటూరులో టైలరింగ్ చేస్తుంది. 2018 మార్చి చివర్లో, ఒంటరిగా ఉంటున్న ఆమె తల్లి రాత్రి పడుకుని ఉదయం లేవలేదు. అరవై రెండేళ్లు. వచ్చి చూసిన ఆర్‌ఎంపీ డాక్టరు గుండెపోటు అన్నాడు. మధ్యాహ్నానికల్లా దహనం అయిపోయింది. స్నానం పోసేటప్పుడే మెడలో నానుతాడు, చేతులకు నాలుగు గాజులు లేవని కూతురు చూసింది. "ఎక్కడో తాకట్టు పెట్టుంటుంది, పెద్దవాళ్లు అన్నీ చెప్తారా" అన్నారు బంధువులు. పెద్దకర్మ అయ్యాక ఆమె పెళ్లి ఆల్బమ్‌లోంచి తల్లి మెడ కనిపించే ఫోటో తీసుకుని బంగారు లోన్లు ఇచ్చే ఆఫీసులన్నీ తిరిగింది. కస్టమర్ల వివరాలు వాళ్లు చెప్పరు, చెప్పకూడదు కూడా. ఆమెకు ఆ సంగతి తెలియదు. తెలిసినా తిరిగేదే.

ఆమె ఇంకో పని చేసింది. తల్లి వాడిన కీప్యాడ్ ఫోను స్విచాఫ్ చేసి బీరువాలో పెట్టి తాళం వేసింది. కొడుకు అడిగినా ఇవ్వలేదు, సిమ్ తీయలేదు, రీచార్జి చేయించలేదు. ఎందుకని అడిగితే, "అమ్మ ఆఖరుగా ఎవరితో మాట్లాడిందో అందులో ఉంటుంది కదా మేడం" అంది.

కోడలిది మంగళగిరి, మగ్గం ఉన్న ఇల్లు. 2018 అక్టోబర్‌లో వాళ్ల అత్తగారు రోడ్డు పక్కన పడిపోయి ఉంటే ఎవరో ఆసుపత్రికి చేర్చారు. అప్పటికే ప్రాణం లేదు. ఒంటి మీద బంగారం లేదు. వాళ్లలో పూడ్చే ఆచారం కాబట్టి అదే రోజు సాయంత్రం పూడ్చేశారు. మూడో రోజుకల్లా ఆడపడుచులిద్దరూ బంగారం కోడలే తీసిందని పెద్దమనుషుల్లో పెట్టారు. ఆమె రెండు నెలలు పుట్టింట్లో ఉండాల్సి వచ్చింది. అత్తగారి చావుకి కారణం తేలాలని పట్టుబట్టడానికి ఆమెకున్న మొదటి కారణం తన పేరు నిలబెట్టుకోవడమే. అది తనే దాచకుండా చెప్పింది. "తర్వాత మాత్రం అత్తమ్మ కోసమే మేడం. కలలోకి వచ్చేది."

ఇద్దరూ తమ తమ స్టేషన్లకు వెళ్లారు. ఏ స్టేషన్ అన్నది వదిలేద్దాం. ఒకచోట "కాల్చేశాక మేం ఏం చూస్తామమ్మా" అన్నారు. ఇంకోచోట "ఇంట్లో గొడవ ఇంట్లో తేల్చుకోండి" అన్నారు. ఎఫ్‌ఐఆర్ కట్టలేదు.

చెల్లెలు విజయవాడలో పూలు అమ్ముతుంది. అప్పటికే అరవై దాటింది, చదువు లేదు. 2019 జనవరి ఆఖరి వారంలో ఒక రాత్రి అక్క ఫోన్ చేసి, "ఆటో అబ్బాయి మంగళగిరి కొండ మీద నుంచి పానకం తెచ్చిచ్చాడే, రేపు వచ్చి నువ్వూ తాగు" అంది. పానకాల స్వామికి పోసిన పానకంలో సగం ఆయన తాగి సగం ప్రసాదంగా వదులుతాడని మనవాళ్ల నమ్మకం. ఎవరు వద్దంటారు? ఉదయం పూల బేరం అయ్యాక చెల్లెలు వెళ్లేసరికి అక్క మంచం పక్కన నేల మీద ఉంది. వాంతి, నోటి దగ్గర నురగ. మెడ బోసిగా ఉంది. బీరువా తాళం మాత్రం చెక్కుచెదరలేదు.

బంధువులు ఇక్కడా అదే మాట అన్నారు. పెద్ద ప్రాణం, కోయించడం ఎందుకు, పోలీసులంటే తిరగలేం. చెల్లెలు గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. పోస్ట్‌మార్టం అయ్యేదాకా శవం ఇల్లు దాటదంది. అక్క కొడుకు అరిచాడు, చెయ్యి పట్టి లాగబోయాడు. ఆమె లేవలేదు. చివరికి పక్కింటి కాలేజీ పిల్ల 100కి ఫోన్ చేసింది. అప్పటి నేర విచారణ ప్రక్రియ చట్టం సీఆర్‌పీసీ 174 కింద అనుమానాస్పద మృతిగా కేసు నమోదైంది, శవపంచనామా జరిగింది, పోస్ట్‌మార్టంలో విసెరా, అంటే లోపలి అవయవాల నమూనాలు, తీసి ఫోరెన్సిక్ ల్యాబ్‌కి పంపారు. ఆ రోజు ఆమె గుమ్మంలోంచి లేచి ఉంటే ఈ కేసే లేదు. నా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబానికీ ఇదే చెబుతాను. అనుమానం ఉంటే ఆ రోజే పోస్ట్‌మార్టం అడగండి. చావుకి కారణం మీద సందేహం ఉన్నప్పుడు శవాన్ని పరీక్షకు పంపాల్సిన బాధ్యత పోలీసుల మీద చట్టమే పెట్టింది. అడగడం పాపం కాదు, చనిపోయిన మనిషికి అవమానమూ కాదు.

బెంచీ మీద కలిసినవాళ్లు

ఫిబ్రవరిలో ఒక సోమవారం గుంటూరు ఎస్పీ ఆఫీసులో గ్రీవెన్స్‌కి కూతురూ కోడలూ వేరువేరుగా వెళ్లి, ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు. టోకెన్ల వరుస కదలక మాటల్లో పడ్డారు. వయసు, ఒంటరి ప్రయాణం, బంగారం పోవడం, అన్నీ కలుస్తున్నాయి. "మా అమ్మ గుడికి వెళ్లాలంటే ఒక ఆటో అబ్బాయికి ఫోన్ చేసేది" అంది కూతురు. కోడలు తన ఫోన్ తీసింది. అత్తగారిని కంటి ఆసుపత్రికి పంపడానికి తనూ ఒక ఆటోని పిలిచేది. కూతురు తల్లి ఫోన్లోంచి చీటీ మీద రాసుకున్న నంబరు, కోడలి ఫోన్లో ఉన్న నంబరు, పది అంకెలూ ఒకటే.

మూడో మనిషిని వెతికి పట్టుకున్నదీ కూతురే. విజయవాడ వస్త్రలతలో లైనింగ్ బట్ట కొని తెచ్చుకుంటే దాన్ని చుట్టిన పేపరు విజయవాడ ఎడిషన్. అందులో చిన్న వార్త: ఒంటరి వృద్ధురాలు అనుమానాస్పద మృతి, మెడలో గొలుసు మాయం. ఇద్దరూ బ్యారేజీ దాటి వెళ్లి మూడు రోజులు వీధులు తిరిగి చెల్లెల్ని పట్టుకున్నారు. కృష్ణకు అటు కమిషనరేట్, ఇటు ఎస్పీ పరిధి. పోలీసు కాగితాల్లో మూడు చావులు మూడు చోట్ల ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు వీళ్లే.

నేను పోగొట్టిన నెల

మొదట ఒక లాంగ్ నోట్‌బుక్ కొనిపించి ముగ్గురి చేతా తేదీలు రాయించాను. ఎవరు ఏ రోజు ఏ వేళ ఎవరిని చూశారు, ఎవరు ఏమన్నారు, ఒంటి మీద ఏ నగ ఉంది. చెల్లెలు చెబుతుంటే కోడలు రాసింది. తర్వాత స్టేషన్ ఎఫ్‌ఐఆర్ కట్టనందుకు అదే సీఆర్‌పీసీలోని 154(3) కింద పై అధికారులకు రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదులు పంపించాను. హత్య లాంటి నేరం జరిగిందని సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే లలితా కుమారి కేసులో చెప్పింది. ఆ తీర్పు కూడా జత చేశాను.

పొరపాటు ఇక్కడ చేశాను. జవాబు కోసం నెల రోజులు ఆగాను. అప్పట్లో టెలికాం కంపెనీలు కాల్ రికార్డులను ఏడాది పాటు ఉంచితే చాలన్నది నిబంధన. 2021 డిసెంబర్‌లో దాన్ని రెండేళ్లు చేశారు. మొదటి చావు 2018 మార్చిది. వాళ్లు నా దగ్గరికి వచ్చేసరికి నాలుగు వారాలే మిగిలాయి. నేను ఆ వారమే మేజిస్ట్రేట్ ముందు 156(3) పిటిషన్ వేసి, రికార్డులు భద్రపరచమని కోరి ఉండాల్సింది. వేసేసరికి ఏప్రిల్ వచ్చింది. జూన్‌లో కోర్టు ఆదేశంతో ఎఫ్‌ఐఆర్‌లు నమోదైనా, కూతురి తల్లికి వచ్చిన ఫోన్ల రికార్డు దొరకలేదు. మిగిలింది బీరువాలో ఉన్న ఆ కీప్యాడ్ ఫోను. అందులో ఆఖరి రాత్రి ఎనిమిదింటికి వచ్చిన కాల్ ఆ నంబరు నుంచే. కూతురు నన్ను ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఆ నెల ఇప్పటికీ గుర్తుకొస్తుంది.

మొదట్లో మా పిటిషన్‌ని ముగ్గురు బాధితుల ఊహగా చూసినవాళ్లు ఎక్కువ. 2019 నవంబర్‌లో ఏలూరులో ఒక కేసు బయటపడింది. ఒక వ్యక్తి 2018 ఫిబ్రవరి నుంచి 2019 అక్టోబర్ దాకా ప్రసాదంలో సైనైడ్ కలిపి పదిమందిని చంపాడని పోలీసులు చెప్పారు. చాలా చావులు అప్పటిదాకా మామూలు మరణాలుగానే చెల్లిపోయాయి. ఆ వార్త తర్వాత మా ఫైలును చూసే చూపు మారింది. 2024లో తెనాలి కేసు వచ్చినప్పుడూ పోలీసులు చెప్పిన తీరు ఇలాంటిదే: తెలిసిన మనిషి, తాగడానికి ఏదో ఇవ్వడం, తర్వాత బంగారం.

కోడలి ఇంటి విషయంలో శవాన్ని వెలికి తీయించాం. 176(3) కింద అనుమతి వచ్చి, తహసీల్దారు, మెడికల్ కాలేజీ ఫోరెన్సిక్ డాక్టర్లు వచ్చినప్పుడు పది నెలలు గడిచాయి. కోడలు శ్మశానంలో పొద్దుటి నుంచి నిలబడే ఉంది. ఏదీ దొరకలేదు. పురుగుమందులు అన్నాళ్లు నిలవకపోవడం మామూలే, కానీ కాగితం మీద "విషం కనుగొనబడలేదు" అనే ఉంటుంది. ఆ రాత్రి ఆమె ఫోన్ చేసి, "అనవసరంగా అత్తమ్మని కదిలించానా మేడం" అని ఏడ్చింది. లేదని చెప్పాను. అప్పటికి ఆ మాట మీద నాకే పూర్తి నమ్మకం లేదు.

బంగారం దగ్గర దారి తెరుచుకుంది. ముద్దాయి అయిన ఆ ఆటో డ్రైవరు భార్య పేరున రెండు చోట్ల తాకట్లు బయటపడ్డాయి. తాకట్టు ఫారాలు, ఫోటోలు, తేదీలు ఉన్నాయి. ప్రతి తాకట్టూ ఒక చావు తర్వాత వారం లోపుదే. మేజిస్ట్రేట్ ముందు అలాంటివే వేరే నగలు కలిపి గుర్తింపు పరీక్ష పెట్టారు. కూతురు ఐదు నానుతాళ్లలోంచి తల్లిది చేతిలోకి తీసుకుని కొక్కెం చూపించింది. ఒకసారి తెగితే అతికించిన చోట ఎర్రటి అతుకు. ఆ అతుకు వేసిన కంసాలి కూడా వచ్చి సాక్ష్యం చెప్పాడు.

ఒకరి దుఃఖం ఇంకొకరికి సాక్ష్యం

విచారణ రెండు జిల్లాల సెషన్స్ కోర్టుల్లో వేరువేరుగా నడిస్తే ముగ్గురి మాటా ఒకచోట వినపడదు. 407 కింద హైకోర్టుకు వెళ్లి మూడింటినీ ఒకే కోర్టుకు బదిలీ చేయించాం. కోవిడ్ రెండేళ్లు తినేసింది. 2022లో సాక్ష్యాలు మొదలయ్యాయి.

బాధితుల తరఫు లాయరుకు సెషన్స్ కోర్టులో ఉన్న చోటు చిన్నది. అప్పటి 24(8) కింద కోర్టు అనుమతితో పీపీకి సహాయం చేయవచ్చు, 301(2) కింద సాక్ష్యాలు ముగిశాక రాతపూర్వక వాదన ఇవ్వవచ్చు. సాక్షుల్ని స్వయంగా ప్రశ్నించడం కుదరదు. నేను పీపీ వెనక కూర్చుని చీటీలు అందించేదాన్ని. ఆ పీపీ ఓపికగా ప్రతి చీటీ చదివేవారు.

ఆ చీటీల్లో ముఖ్యమైనది ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 15. ఒక పని పొరపాటున జరిగిందా, కావాలని చేసిందా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, అదే మనిషి ప్రమేయంతో అలాంటివే వరుసగా జరిగి ఉంటే ఆ సంగతి కోర్టు చూడవచ్చు. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఒకడు వరుసగా ఇళ్లు మారుతూ, ప్రతి ఇంటికీ ఇన్సూరెన్స్ చేయించుకుంటాడు. ప్రతి ఇల్లూ కాలుతుంది. ప్రతిసారీ ఒక్కో కంపెనీ నుంచి డబ్బు తీసుకుంటాడు. ఆఖరి మంట ప్రమాదమేనని అతనంటే, ముందటి మంటల సంగతి కోర్టు ముందుకు వస్తుంది. ఈ ఉదాహరణ ముగ్గురికీ చెప్పినప్పుడు చెల్లెలు వెంటనే పట్టుకుంది. "అంటే మా అక్క కేసులో ఈ పిల్లలిద్దరూ కూడా చెప్పొచ్చు." కొత్త చట్టం, భారతీయ సాక్ష్య అధినియంలో ఇదే సెక్షన్ 13.

ముద్దాయి తరఫు వాదన గట్టిదే. చనిపోయిన వాళ్లందరూ ముసలివాళ్లు, అతను వాళ్లకు తెలిసిన ఆటో డ్రైవరు, ఫోన్లు ఉండడం వింత కాదు, అతని దగ్గర విషం దొరకలేదు. విషప్రయోగం కేసులో ముద్దాయి దగ్గర విషం ఉన్నట్టు చూపాలన్న మాట 1984 నాటి శరద్ సార్దా తీర్పులో ఉంది. కానీ ఇలాంటి నేరం రహస్యంగానే జరుగుతుంది, మిగతా సాక్ష్యం బలంగా ఉంటే ఆ ఒక్కటి లేదని కేసు కొట్టేయక్కర్లేదని 1988లో భూపీందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. మా దగ్గర ల్యాబ్ రిపోర్టు ఉంది: చెల్లెలి అక్క విసెరాలో పురుగుమందు. సీసా కూడా ఉంది.

ఆ సీసా గురించి చెప్పాలి. అక్క చనిపోయిన రోజు గందరగోళంలో ఎవరూ పట్టించుకోని ప్లాస్టిక్ సీసాని చెల్లెలు చీర ముక్కలో చుట్టి తన ఇంటికి తీసుకెళ్లింది. అడుగున రెండు గుక్కల పానకం మిగిలి ఉంది. ఐదు రోజుల తర్వాత పోలీసులకు ఇచ్చింది. అందులోనూ అదే మందు. ఐదు రోజులు ఆమె చేతిలో ఉంది కాబట్టి అందులో మందు ఆమే కలిపిందని ముద్దాయి లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో వేశారు. గంటన్నర నడిచింది.

"సీసా ఎక్కడ పెట్టారు?"

"బియ్యం డ్రమ్ములో."

"అక్కడ ఎందుకు దాచారు?"

"దాచలేదయ్యా. మా ఇంట్లో మూత గట్టిగా పడేది అదొక్కటే. పిల్లలు తీయకూడదని."

"ఆ బియ్యం తర్వాత వండుకు తిన్నారా?"

"లేదు. సీసా ఇచ్చిన రోజే పారబోశాను. కోళ్లు కూడా తినకూడదని గొయ్యి తీసి పూడ్చాను. పాతిక కేజీలు, అంతకుముందు రోజే అప్పు తెచ్చి కొన్నవి."

జడ్జిగారు రాసుకుంటున్న పెన్ను ఆపి ఆమె వైపు చూశారు. పూలమ్ముకుని బతికే మనిషి అప్పు చేసి కొన్న బియ్యాన్ని పూడ్చడం గురించి తీర్పులో ఒక పేరా ఉంది.

కోడలి క్రాస్ అంతకన్నా కష్టంగా సాగింది. బంగారం నువ్వే తీశావని ఇంట్లోవాళ్లే అన్నారు కదా, పెద్దమనుషుల్లో పెట్టారు కదా అని ఒక్కొక్కటీ తవ్వారు. ఆమె ప్రతిదానికీ "అవునండి, అన్నారు" అనే చెప్పింది. తర్వాతి వాయిదాకి పెద్ద ఆడపడుచు వచ్చింది. తాకట్టులో దొరికిన గొలుసు తన తల్లిదేనని, వదిన మీద తను వేసిన నింద తప్పని బోనులో నిలబడి చెప్పింది. బయటికి వచ్చాక ఇద్దరూ మాట్లాడుకోలేదు. కానీ ఒకే ఆటోలో బస్టాండుకి వెళ్లారు.

2023లో తీర్పులు వచ్చాయి. చెల్లెలి అక్క కేసులో హత్య రుజువైంది, యావజ్జీవం. ఆ తీర్పు కూతురి సాక్ష్యాన్ని, కోడలి సాక్ష్యాన్ని పేజీలకు పేజీలు ఆధారం చేసుకుంది. వాళ్ల సొంత కేసుల్లో మాత్రం చావుకి కారణం వైద్యపరంగా తేలలేదు కాబట్టి హత్య ఆరోపణ నిలవలేదు. చనిపోయిన మనిషి ఒంటి మీది ఆస్తిని కాజేసినందుకు ఐపీసీ 404 కింద మూడేళ్లు వేశారు. అందరికన్నా ముందు తిరగడం మొదలుపెట్టిన కూతురికి, తన తల్లిని చంపారని చెప్పే తీర్పు రాలేదు.

చట్టం ప్రకారం అలా తీర్పు రావడాన్ని నేను అర్థం చేసుకోగలను. న్యాయం జరిగిందని మాత్రం అనలేను.

ముద్దాయి అప్పీలు చేశాడు. 372 కింద కూతురూ కోడలూ కూడా చేశారు. 2009లో వచ్చిన సవరణ వల్ల, కింది కోర్టు ముద్దాయిని వదిలేసినా, చిన్న నేరంతో సరిపెట్టినా, బాధితులు ఎవరినీ అడగకుండా పైకోర్టుకు వెళ్లవచ్చు. దీని గురించి తెలియక కింది కోర్టు దగ్గరే ఆగిపోయిన కుటుంబాలను చాలా చూశాను. ప్రభుత్వం అప్పీలు చేయలేదు కాబట్టి అయిపోయిందనుకుంటారు. అయిపోదు.

నగలు బాండు రాయించుకుని వాళ్లకు ఇచ్చారు. కోర్టు అడిగినప్పుడు తెచ్చి చూపాలి, కరిగించకూడదు. కూతురు నానుతాడుని తల్లి ఫోటోకి వేసి, రాత్రి తీసి బీరువాలో పెడుతుందట. కీప్యాడ్ ఫోన్ మాత్రం కోర్టు స్వాధీనంలోనే ఉంది. అప్పీలు తేలేదాకా ఇవ్వరు.

మొన్న అప్పీళ్లు లిస్టులోకి వచ్చినప్పుడు ముగ్గురూ నేలపాడు హైకోర్టుకి వచ్చారు. వాళ్లు రావక్కర్లేదని ముందే చెప్పాను. కూతురు గుంటూరు నుంచి, కోడలు మంగళగిరిలో ఎక్కి, చెల్లెలు విజయవాడ నుంచి తెల్లవారుజామున పూల బేరం చూసుకుని. చెల్లెలికి అనుకూలంగా తీర్పు వచ్చింది కదా, ఎండలో ఎందుకు వచ్చావు పిన్నీ అన్నాను. "వీళ్లిద్దరిదీ అవ్వాలిగా లాయరమ్మా" అంది. సాయంత్రం దాకా కూర్చున్నాం. మా నంబరు పిలవలేదు. కూతురు తన క్యారీ బ్యాగులోంచి లాంగ్ నోట్‌బుక్ తీసింది. 2019లో కొనిపించింది కాదు, అది నిండిపోయింది, ఇది మూడోది. ఆ రోజు తేదీ వేసి, పక్కన "పిలవలేదు" అని రాసుకుంది.

తర్వాతి తేదీ ఇంకా పడలేదు.